సగం మాట

మార్చి 4, మంగళవారం

ఉదయం కంప్యూటర్ తెరిచేసరికి కిడ్నీ విభాగం మెయిల్‌బాక్సులో ముప్పై ఎనిమిది దొంగ మెయిళ్లు. “ఓ పాజిటివ్. వయసు ఇరవై ఆరు. ఏ దురలవాటూ లేదు. కిడ్నీ అమ్మకానికి సిద్ధం.” పాత బీరువా వదిలించుకుంటున్నట్టు రాశాడు ఒకడు. ఇంకొకడు ఏకంగా మా ఆస్పత్రి ముద్ర పైన అతికించి, మా పెద్ద డాక్టరు గారే రాసినట్టు రాశాడు. అది నమ్మి ఒక డయాలసిస్ పేషెంటు పోయిన వారం ఎవడినో కలవడానికి బస్టాండుదాకా వెళ్లాడట. రిజిస్ట్రేషన్ కిటికీలో పనిచేసే అక్క చెప్పింది. కిడ్నీ విభాగానికి వచ్చే ప్రతి మెయిలూ చదివి, అచ్చు తీసి, చిల్లు పెట్టి ఫైలు చేసేది ఆవిడే.

పదకొండింటికి సంతకాలాయన పిలిచాడు. మా పరిపాలనాధికారికి ఆ పేరు నేను పెట్టలేదు, నేను చేరేనాటికే ఉంది. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెడతాడని.

“ఏమ్మా, నీ గేటు దగ్గర కాపలా ఉందా, అసలు గేటే లేదా?”

అందరి ముందూ! పదకొండేళ్లుగా ఈ ఆస్పత్రి మెయిలంతా నా చేతుల మీదుగా నడుస్తోంది. ఒక్క రోజు ఆగిందా? దొంగ మెయిళ్లు ఆపడానికి మనం కొన్న ఫిల్టరుకి తెలుగు రాదు సార్ అన్నాను. ఇంగ్లీషులో లాటరీ తగిలిందంటే పట్టుకుంటుంది, తెలుగులో కిడ్నీ బేరం పెడితే చేతులు కట్టుకుని చూస్తుంది. ఈ మాట నిరుడే రాసిచ్చాను. దాని మీదా సంతకం పెట్టాడు.

“అవన్నీ నాకెందుకమ్మా? ఆగాలి. అంతే.”

ఆపుతాను. రూళ్లు నేనే రాస్తాను. చూద్దాం ఎవడొస్తాడో.

మార్చి 5, బుధవారం

రోజంతా రెగెక్సులే, మాటల పోలికను బట్టి మెయిళ్లు పట్టే సూత్రాలు. మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు.

వీళ్ల తెలివి చూస్తే ఒళ్లు మండుతుంది. కిడ్నీ అని నేరుగా రాయరు. “కి.డ్నీ” అంటారు, “కిడ్-నీ” అంటారు, మధ్యలో కంటికి కనిపించని ఖాళీ పెడతారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చుక్క ఉన్నా గీత ఉన్నా ఖాళీ ఉన్నా పట్టుకునేలా రాశాను. తర్వాత అసలు మాట. అమ్మకం, అమ్మకానికి, అమ్మకాలు, అమ్మకపు. విడివిడిగా రాస్తే చాంతాడంత అవుతుంది. అన్నిటికీ మొదలు ఒకటే కాబట్టి ఆ మొదలు పట్టుకుంటే చాలు.

కిడ్నీ.*అమ్మక

ఎంత ముచ్చటగా ఉందో. చుక్క, పక్కన నక్షత్రం. మధ్యలో ఏమున్నా నాకు అనవసరం అని దాని అర్థం. మాటలు అటూ ఇటూ తిరిగినా దొరకాలని ఇదే రూలు తిప్పి ఇంకోటి రాశాను. మాట ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఒకటుంది కానీ, తెలుగు గుణింతాల దగ్గర అది తప్పటడుగులు వేస్తుంది. పెట్టలేదు.

పరీక్షించాను. దాచి ఉంచిన దొంగ మెయిళ్లు రెండు వందల పన్నెండు పెట్టాను. రెండు వందల పన్నెండూ పడ్డాయి.

సంతకాలాయనకి కాగితం పంపాను. సంతకం వచ్చింది.

మార్చి 6

ఒక్కటీ రాలేదు.

మార్చి 11, మంగళవారం

వారమైంది. పెద్ద డాక్టరు గారు వరండాలో ఆగి “బాగా చేశారమ్మా” అన్నారు. సంతకాలాయన మాత్రం గుమ్మంలో ఎదురైనా తల తిప్పుకుని పోయాడు. తిట్టడానికైతే ఊరంతా వినాలి, మెచ్చుకోవడానికి నోరు రాదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి రూలు రాసి చూపించాను. ఆయన “ఊఁ” అని పెరుగు వైపు చూశారు. అత్తయ్య మాత్రం కాగితం లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నారు. ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి, అచ్చులో ఏది కనబడినా ఊరుకోలేరు.

“ఇదేంటే అమ్మాయ్, సగం మాట రాశావు? చివర ఏదో పడిపోయింది.”

“పడిపోలేదు అత్తయ్యా. అంతే అది.”

“అంతే అంటే? క తర్వాత సున్నా రావాలా, గుడి రావాలా, కొమ్ము రావాలా?”

“ఏదొచ్చినా సరే. అదే దీని గొప్ప.”

“ఏదొచ్చినా సరేనా! ఒక్క కొమ్ముతో అర్థం తిరగబడుతుందే. నేను ఇలా వదిలేసుంటే మా ఫోర్‌మన్ నన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు.”

సీసపు అక్షరాల కాలం కాదు అత్తయ్యా అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. ఆవిడ కాగితం మడిచి నా పళ్లెం పక్కన పెట్టి లేచి వెళ్లిపోయారు. ఈ ఇంట్లో నా పనిని దిద్దడానికి ప్రతివాళ్లూ తయారే.

మార్చి 14, శుక్రవారం

అక్క మళ్లీ వచ్చింది. అనుమానపు మెయిళ్లు పడే డబ్బాలో రోజుకి అరవై ఉంటున్నాయట, అవన్నీ తెరిచి చూడాలంటే పొద్దు చాలట్లేదట. “చెల్లీ, పైపైన చూసి వదిలేయమంటావా, అన్నీ చదవమంటావా?” అంది. తిన్నగా అడిగింది, నిజమే. కానీ రోజూ ఇదే గోల. రూలు నమ్మకమైనదే అని నేను చెబుతూనే ఉన్నానా?

సర్దేశాను. ఇక ఆ డబ్బా చూడాల్సిన పని ఎవరికీ లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

కాంటీన్లో అక్క ఒక మాట అంది. “ఈ నెల విచిత్రంగా ఉంది చెల్లీ. నాన్నకి ఇస్తామని రాసేవాళ్లున్నారు, మొగుడికి ఇస్తామనేవాళ్లున్నారు, తమ్ముడికి ఇస్తామనేవాళ్లున్నారు. అమ్మలకి ఇస్తామనేవాళ్లే కరువైపోయారు.”

విన్న దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. ఏం పిల్లలు వీళ్లు? తొమ్మిది నెలలు మోసి, జ్వరమొస్తే రాత్రుళ్లు కూర్చుని పెంచిన మనిషికి ఒక్క అవయవం ఇవ్వడానికి చేతులు రావా? నాన్న సంపాదిస్తాడు కాబట్టి నాన్నకి ఇస్తారు. అమ్మ వంటింట్లో మూలుగుతూ పడి ఉంటే ఎవరికి నష్టం! లోకం ఇంత దిగజారిందంటే నమ్మబుద్ధి కాదు. అక్కతో కూడా అన్నాను, ఇలాంటి పిల్లల్ని కన్నందుకు ఆ తల్లులే సిగ్గుపడాలి అని. అక్క గ్లాసు కడిగి పెట్టింది.

ఏప్రిల్ 22, మంగళవారం

పది దాటాక కింద నుంచి కేకలు వినిపించాయి. రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయి. కుట్టుమిషన్లు బాగుచేస్తుందట, గోళ్ల కింద నూనె మరకలు. అయిదు మెయిళ్లు అచ్చు తీసుకొచ్చి బల్ల మీద వరసగా పరిచింది.

“మా అమ్మ డయాలసిస్ మీద ఉంది. నా కిడ్నీ ఇస్తానని రాశాను. రిపోర్టులన్నీ పెట్టాను. మార్చి పదిహేడున ఒకటి. ఇరవై నాలుగున ఒకటి. ఇవిగో, ఏప్రిల్లో మూడు. ఫోన్ చేస్తే ‘దాతల వివరాలు మెయిల్‌లో మాత్రమే పంపగలరు’ అని రికార్డు మోగుతుంది. మెయిల్ పెడితే దిక్కులేదు. చదివారా లేదా? ఒక్క మాట చెప్పండి.”

“నాకు రాలేదమ్మా” అంది అక్క. “వచ్చుంటే నేను...”

“రాకపోతే ఎక్కడికి పోయాయి? గాల్లోకా?”

రెండు వందల కిలోమీటర్లు బస్సులో వచ్చిందట. తల్లి అక్కడ చిన్న ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకుని ఉంది.

నాకు అక్క మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. అయిదు ఉత్తరాలు! ఒకటి కాదు, రెండు కాదు. చదవడం తప్ప ఆవిడకి ఇంకేం పని?

బల్ల మీద కాగితాల్లో పైది కళ్లబడింది. మొదటి వాక్యం చదివి పైకి వచ్చేశాను. పని ఉంది.

ఏప్రిల్ 23, బుధవారం

సంతకాలాయన అడిగాడు. “ఆ మెయిళ్లు మన సర్వర్‌కి వచ్చాయా, రాలేదా? అదొక్కటి చెప్పు.”

వచ్చాయి అన్నాను.

సర్వర్‌కి రావడం నిజమే. లాగ్‌లో, అంటే రాకపోకల చిట్టాలో, అయిదూ ఉన్నాయి, తేదీలతో సహా. ఆయన అడిగింది అదే, నేను చెప్పింది అదే.

ఏప్రిల్ 24

నేను అబద్ధం చెప్పలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

అక్కకి నోటీసు ఇచ్చారు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం. సోమవారం విచారణ, ఆ రోజే తేల్చేస్తారట. కాంట్రాక్టు మనిషి కదా, తేల్చడానికెంతసేపు! తొమ్మిదేళ్ల చాకిరీని మూడు వాక్యాల్లో ముగించారు. మూడో వాక్యంలో నా పేరుంది. “మెయిళ్లు సర్వర్‌కి చేరినట్లు మెయిల్ విభాగం ధ్రువీకరించినందున.”

సాయంత్రం మా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“చెల్లీ, నేను ఏ ఉత్తరాన్నీ చదవకుండా పక్కన పెట్టలేదు. నువ్వు చూస్తే తెలుస్తుంది కదా. ఒకసారి చూసి చెప్పవూ?”

“చూస్తాను అక్కా” అన్నాను.

“నీ మీదే ఆధారపడి ఉన్నాను” అంది.

చూస్తానట! ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నా నోటి నుంచి. మంగళవారమే చూశాను. ఆ కాగితం మీద మొదటి వాక్యం చదివినప్పుడే చూశాను.

“నా కిడ్నీ మా అమ్మకి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.”

ఏప్రిల్ 26, శనివారం

ఈ పుస్తకం ఇంకెవరూ చదవరు. ఇక్కడ కూడా రాయకపోతే నేనెందుకు పనికొస్తాను.

మనం ‘కి’ అని ఒక్క అక్షరంగా చూస్తాం. కంప్యూటరుకి అది రెండు. ముందు క, తర్వాత గుడి. ‘అమ్మకం’లో క తర్వాత సున్న. ‘అమ్మకి’లో క తర్వాత గుడి. ‘అమ్మకు’లో కొమ్ము. క వరకూ అన్నీ ఒకటే. నా రూలు క దగ్గర ఆగిపోయింది. క తర్వాత ఏమొచ్చినా సరే అని రాసింది నేను. అమ్మకానికి పెట్టినవాడూ, అమ్మకి ఇస్తానన్నవాళ్లూ దానికి ఒకటే.

నాన్నకి రాసినవి చేరాయి. తమ్ముడికి రాసినవి చేరాయి. అమ్మకి రాసినవి ఒక్కటీ చేరలేదు. వాళ్లనే నేను ఇదే పుస్తకంలో తిట్టాను. పేజీ తిప్పి చూసుకున్నాను, ఎంత దర్జాగా తిట్టానో!

రెండు వందల పన్నెండు దొంగ మెయిళ్ల మీద పరీక్షించాను. మంచి మెయిలు ఒక్కటైనా పెట్టి చూశానా? లేదు. ఎందుకు పెట్టలేదు? ముప్పై ఎనిమిది సున్నా అయితే సంతకాలాయన నోరు మూతపడుతుందని. నాకు కావలసింది అదే.

మార్చి 14న “సర్దేశాను” అని రాసుకున్నాను. ఏం సర్దాను? రూలుకి దొరికిన మెయిలు అనుమానపు డబ్బాలోకి కూడా వెళ్లకుండా అక్కడికక్కడే చెరిగిపోయేలా మార్చాను. అక్కకి చెప్పలేదు. సంతకాలాయనకి కాగితం పంపలేదు. ఆ డబ్బా ఉండి ఉంటే అక్క చూసేది. పైపైన కాదు, అన్నీ చదివేది.

లాగ్‌లో పంపినవారి చిరునామా, తేదీ, విషయం ఉంటాయి. ఉత్తరం ఉండదు. ఇంట్లోంచే తెరిచి లెక్కపెట్టాను. విషయం చూసి దొంగవి తీసేస్తే, మార్చి 14 నుంచి మొన్నటిదాకా నలభై మూడు ఉత్తరాలు. పంతొమ్మిది మంది మనుషులు. ఒకాయన పదకొండు సార్లు రాశాడు. చివరిదానికి విషయం: “దయచేసి.”

అత్తయ్య టీ తెచ్చి పెట్టి, నా మొహం చూసి, ఎదురుగా కూర్చున్నారు. చెప్పాను. నేను చెప్పలేదా అని ఒక్క మాట అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. ఆవిడ అనలేదు.

“సోమవారం ఆ పిల్లని పంపించేస్తారా?” అన్నారు. అక్క గురించి.

“ఊఁ.”

“నువ్వు నోరు తెరవకపోతే.”

“నా ఉద్యోగం అత్తయ్యా...”

“నేను అడిగింది అది కాదే.”

రూలు మాత్రం వెంటనే పీకేశాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఇంకా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కోపంతో. భయం ఉదయమే అయిపోయింది.

పొడవాటి బల్ల. ఒక చివర సంతకాలాయన, పక్కన పెద్ద డాక్టరు గారు. రెండో చివర అక్క, ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో, ఒడిలో తొమ్మిదేళ్ల హాజరు పుస్తకాల నకళ్లు. ఎవరూ అడగలేదు వాటిని.

“మెయిళ్లు వచ్చాయని మెయిల్ విభాగం చెప్పింది. ఈవిడ చూడలేదు. ఇంకేముంది మాట్లాడటానికి?” అని కలం మూత తీశాడు.

“ఆవిడకి చేరలేదు సార్” అన్నాను.

“చేరాయని నువ్వే కదమ్మా అన్నావు?”

“సర్వర్‌కి చేరాయి అన్నాను. అక్కడి నుంచి ఆవిడ కంప్యూటర్‌కి పోకుండా చెరిపేసింది నా రూలు. చెరిపేయమని పెట్టింది నేను. ఎవరికీ చెప్పకుండా పెట్టాను. బుధవారం మీరు అడిగేటప్పటికి నాకు తెలుసు.”

సంతకాలాయన కలం మూత మళ్లీ పెట్టాడు. గొంతు తగ్గించి, ఎంతో దయగలవాడిలా, “అంటే సాంకేతిక లోపం అన్నమాట. అలా రాసుకుందాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఈవిడ విషయం కూడా చూసీచూడనట్టు...” అన్నాడు.

అప్పుడు అరిచాను. పదకొండేళ్లలో మొదటిసారి.

“లోపమేంటి సార్? యంత్రం చెడిపోలేదు. నేను రాసింది రాసినట్టు చేసింది. తప్పు రాసింది నేను. చదవకుండా సంతకం పెట్టింది మీరు. ఫోన్ ఎత్తం, మెయిల్ ఒక్కటే దారి అని జబ్బుమనుషుల మొహాన రికార్డు పెట్టింది ఈ ఆస్పత్రి. ఇంతమందిమి ఉండగా, తప్పు చేయని ఒక్క మనిషిని తెచ్చి ఆ చివర కూర్చోబెట్టారు. పంతొమ్మిది మంది సార్! అమ్మకి ఇస్తామని రాసి, జవాబు రాక, మళ్లీ రాసినవాళ్లు!”

పెద్ద డాక్టరు గారు కళ్లజోడు తీశారు. “పంతొమ్మిదా?” అన్నారు. తర్వాత ఎవరితోనూ కాకుండా, “వాళ్ల చిరునామాలు ఉన్నాయా?”

ఉన్నాయి అన్నాను.

“అయితే ముందు ఆ పని చూడండి. మిగతావి తర్వాత.”

అక్క నోటీసు వెనక్కి తీసుకున్నారు. నాకు మెమో వస్తుంది. రానీ.

బయట వరండాలో అక్క నాకంటే ముందు నడిచింది. పిలిచాను. తిరిగి చూడలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

పంతొమ్మిది మందికీ రాశాను. సంతకాలాయన ఆఫీసు నుంచి ముసాయిదా వచ్చింది, “అనివార్య కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి” అంటూ. చించి పారేశాను. “మీ ఉత్తరాన్ని ఆపింది నేను. మీ తప్పు ఏమీ లేదు. ఇది నా బల్ల మీది ఫోన్ నంబరు. మీరు ఎప్పుడు చేసినా ఎత్తుతాను” అని రాశాను. డాక్టరు గారు చదివి, కింద తన పేరు కూడా పెట్టమన్నారు.

ఏప్రిల్ 30

తొమ్మిది ఫోన్లు. ఏడుగురు తిట్టారు. ఒకాయన తిట్టకుండా పేపరు, కలం తెచ్చుకుంటానని లేచాడు. పదకొండు సార్లు రాసినాయన.

మే 2

“అమ్మ ఏప్రిల్ పదకొండున పోయింది. ఇక మాకు రాయకండి.”

మే 5, సోమవారం

పదిహేను మంది పరీక్షలకు వస్తున్నారు. ఇద్దరు వేరే ఆస్పత్రికి వెళ్లిపోయారు. ఒకరి జవాబు రాలేదు.

దొంగ మెయిళ్లు మళ్లీ మొదలయ్యాయి. కొత్త రూళ్లు రాశాను, ఈసారి క తర్వాత ఏం రావాలో ఒక్కొక్కటీ విడమరచి. పోయిన ఏడాది వచ్చిన మంచి మెయిళ్లన్నీ వాటి మీద నడిపించాను. అత్తయ్య ప్రతి వరసా చదివి రెండు చోట్ల పెన్సిలు గీత పెట్టారు. రెండు చోట్లా ఆవిడదే నిజం. దేన్నీ చెరపదు, అనుమానపు డబ్బాలో వేస్తుంది, అంతే. ఆ డబ్బా ఉదయం నేను చదువుతాను, మధ్యాహ్నం అక్క చదువుతుంది.

అక్కకి క్షమాపణ చెప్పాను. చిల్లులు పెట్టే మిషను ఆపకుండానే విన్నది.

“సోమవారం చెప్పావు, మంచిదే. బుధవారం చెప్పుండొచ్చు. నోటీసు వచ్చాక మూడు రాత్రులు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు” అంది. “పనికి సంబంధించి ఏదున్నా అడుగు. మిగతాది నాకు కొంచెం టైం పడుతుంది.”

ఇప్పుడు చెల్లీ అనడం లేదు. మేడం అంటోంది.

మే 8, గురువారం

కుట్టుమిషన్ల అమ్మాయి వచ్చింది. తల్లిని తీసుకొచ్చి చేర్చింది, పెద్ద డాక్టరు గారు చూశారు. గుండె బలహీనపడిందట. ఈ స్థితిలో ఆపరేషన్ చేయలేమన్నారు. మూడు నెలలు మందులు వాడి, ఆగస్టులో మళ్లీ చూసి, గుండె కోలుకుంటే చేస్తారు. కోలుకోకపోతే లేదు. మార్చిలో అయితే చేసేవాళ్లమని ఆయనే చెప్పారట. దాచలేదు.

అక్కడి నుంచి తిన్నగా నా గదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

“చూపించండి.”

“ఏది?”

“ఆ రూలు. నేను మిషన్లు విప్పే మనిషిని. ఎక్కడ పట్టేసిందో కళ్లతో చూడాలి.”

కాగితం మీద రాశాను. కిడ్నీ, చుక్క, నక్షత్రం, అమ్మక. దాని కింద ఆమె వాక్యం రాశాను. నా కిడ్నీ మా అమ్మకి. వేలు పెట్టి చూపించాను, ఇక్కడి దాకా ఒకటే, ఈ గుడిని అది చూడలేదని. ఆమె ఆ గుడి మీద గోరు పెట్టి చాలాసేపు ఉంచింది.

“అయితే నేను ‘మదర్‌కి’ అని రాసుంటే చేరేదా?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడానికి ఎన్ని మాటలో నోటిదాకా వచ్చాయి. ఖచ్చితంగా చెప్పలేమని, ఇంకా వేరే రూళ్లుంటాయని.

“చేరేది” అన్నాను.

“నాన్నకి అని రాసుంటే?”

“చేరేది.”

తల ఊపింది. ఏడవలేదు. లేచి కుర్చీని దాని చోట సరిగ్గా పెట్టింది. నా బల్ల మీది కలం తీసుకుని నా వైపు చాచింది.

“నా నంబరు రాసుకోండి. ఆగస్టులో నేను మెయిల్ పెట్టను. మీరు ఫోన్ చేయాలి. వేరేవాళ్లతో చేయించకూడదు, మీరే.”

రాసుకున్నాను. చదివి వినిపించమంది. వినిపించాను. ఒక అంకె తప్పు రాశానట. వంగి, నా చేతిలో కలం ఉండగానే, తన చేత్తో దిద్ది వెళ్లింది.